పెద్దపేగు క్యాన్సర్ ఆపరేషన్ అయ్యాక ఇంట్లో ఏం పెట్టాలి, ఎలా పెట్టాలి

విశాఖలోనో శ్రీకాకుళంలోనో పెద్దపేగు క్యాన్సర్‌కి ఆపరేషన్ చేయించుకుని మనిషి ఇంటికి రాగానే మన వైపు ముందుగా మొదలయ్యేది పథ్యం. "పప్పెట్టకండమ్మా, కుట్లు సీము పడతాయి" అని ఒకరంటారు. గుడ్డు వేడి చేస్తుందని ఇంకొకరు, చేప వాసనకే పుండు పాకుతుందని మరొకరు. అందరిదీ ప్రేమే. కానీ అందరి మాటా వింటే కంచంలో మిగిలేది చప్పిడి అన్నం, మిరియాల చారు. క్యాన్సర్‌తో ఆపరేషన్‌కి ముందే సగం చిక్కిపోయిన మనిషి, ఆపరేషన్ తర్వాత ఆ చారు మెతుకుల మీద ఎలా కోలుకుంటాడు?

కుట్లకి చీము పట్టేది సూక్ష్మక్రిముల వల్ల. పప్పు వల్ల కాదు, గుడ్డు వల్ల కాదు. కోసి కలిపిన పేగు అతుక్కోవాలన్నా, పొట్ట మీద గాయం మానాలన్నా, జబ్బును తట్టుకునే శక్తి రావాలన్నా ఒంటికి మాంసకృత్తులు (ప్రొటీన్) కావాలి. పథ్యం పేరుతో మనం ఆపేసేవి సరిగ్గా అవే. మీరు ఇంట్లో వండి పెట్టేవారైతే ఈ ఒక్క విషయంలో గట్టిగా నిలబడండి. అత్తగారు కాదన్నా, పక్కింటి పెద్దమ్మ కాదన్నా సరే.

ఇక్కడ రాసినవి చాలామందికి సరిపోయే పద్ధతులు. మీ సర్జన్ వేరుగా చెప్పి ఉంటే ఆయన మాటే వినండి.

1. డిశ్చార్జి రోజునే అడిగి రాయించుకోండి

కాగితం తీసుకుని బయటపడే తొందరలో చాలామంది అడగకుండా వచ్చేస్తారు. నాలుగు సంగతులు తెలియకపోతే వంటింట్లో ఏ నిర్ణయమూ తీసుకోలేరు.

పేగులో ఏ ముక్క తీశారు? కుడివైపు పెద్దపేగుతోపాటు చిన్నపేగు చివర కూడా తీస్తే, నూనె ఎక్కువైనప్పుడు నీళ్ళ విరేచనాలు అవ్వొచ్చు. ఆ చివరి భాగం ఎక్కువ పోతే బి12 విటమిన్ ఒంటబట్టదు, ఇంజెక్షన్లు అవసరం కావచ్చు. కింద మలద్వారం దగ్గర చేస్తే రోజుకి ఎన్నోసార్లు, కొద్దికొద్దిగా విరేచనం అవుతుంది. అది కొన్ని నెలలు ఉంటుంది.

పొట్ట మీద సంచి పెట్టారా? పెడితే అది చిన్నపేగు నుంచా (ఇలియాస్టమీ), పెద్దపేగు నుంచా (కొలాస్టమీ)? రెండింటికీ తిండి నియమాలు చాలా వేరు.

షుగరు ఎంత ఉంది?

చివరిది కిడ్నీ పరీక్ష, అంటే క్రియాటినిన్. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస వైపు వాళ్ళు ఈ అంకె చూడకుండా ఇంటికి రావద్దు. ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎంతమందిని తినేసిందో మీకు నేను చెప్పక్కర్లేదు. చాలామందికి అది ముదిరేదాకా బయటపడదు. కిడ్నీలు దెబ్బతిని ఉంటే కింద చెప్పబోయే మాంసకృత్తుల లెక్క, కొబ్బరినీళ్ళు, పళ్ళు అన్నీ మారిపోతాయి. అప్పుడు కిడ్నీ డాక్టరుతో మాట్లాడాకే కొలత నిర్ణయించుకోవాలి.

2. మొదటి రోజులు: గుక్కల నుంచి మెత్తని అన్నం దాకా

గ్యాస్ వెళ్ళేదాకా పచ్చి మంచినీళ్ళు ముట్టకూడదనే పాత పద్ధతి ఇప్పుడు చాలా ఆసుపత్రుల్లో లేదు. ఏ ఇబ్బందీ లేకపోతే ఆపరేషన్ రోజు సాయంత్రమో మరునాడో గుక్కెడు గుక్కెడుగా మొదలుపెడతారు. తర్వాత పలచని ద్రవాలు, ఆపైన మెత్తని తిండి. ఎప్పుడు ఏది అన్నది వార్డులో వాళ్ళే చెబుతారు. వాళ్ళు చెప్పకముందే ఫ్లాస్కులో కాఫీ తెచ్చి రహస్యంగా పోయకండి. వాళ్ళు పెట్టమన్నాక భయపడి ఆపనూ వద్దు.

ఇంటికి వచ్చేసరికి సాధారణంగా మెత్తని అన్నం తినే స్థితిలో ఉంటారు. రెండు మూడు విజిళ్ళు ఎక్కువ రానిచ్చి గరిటెతో మెదిపిన అన్నం, మెత్తని ఇడ్లీ, పెరుగు, బాగా ఉడికి మెదిగిన పెసరపప్పు, గుడ్డు, ముల్లు తీసిన చేప. మూడుపూటలా కడుపు నిండా కాకుండా రోజుకి ఆరుసార్లు, ఒక్కోసారి చిన్న గిన్నెడు. బాగా నమలమనండి. పళ్ళు లేని ముసలివాళ్ళయితే మీరే మెదిపి పెట్టండి. అన్నంతోపాటు గ్లాసులకి గ్లాసులు నీళ్ళు తాగితే కడుపు నీళ్ళతోనే నిండుతుంది. నీళ్ళు భోజనానికి అరగంట ముందో తర్వాతో ఇవ్వండి.

గంజి గురించి ఒక మాట. గంజి తాగితే ఒంట్లో నీరు నిలుస్తుంది, ప్రాణం కుదుటపడినట్టు ఉంటుంది. కానీ అందులో ఉన్నది దాదాపు అంతా పిండిపదార్థమే. పప్పుకట్టూ అంతే. కట్టు మాత్రం వంచి పోస్తే పప్పులోని సత్తువంతా అడుగునే ఉండిపోతుంది. పప్పు మెదిపి, వడకట్టి, చిక్కగా పెట్టండి. గ్లూకోజు నీళ్ళు, డబ్బాల్లో దొరికే బలం పొడులు కూడా చాలావరకు చక్కెరే. కొనేముందు డబ్బా వెనక ప్రొటీన్ ఎంతుందో చదవండి.

3. మాంసకృత్తులు: అంకెతో లెక్కవేసి పెట్టండి

కిడ్నీలు బాగున్నవాళ్ళకి ఆపరేషన్ తర్వాత కోలుకునే రోజుల్లో ఒంటి బరువు కిలోకి రోజుకి 1.2 నుంచి 1.5 గ్రాముల మాంసకృత్తులు కావాలి. 50 కిలోల మనిషికి 60 నుంచి 75 గ్రాములు. శక్తి కిలోకి 25 నుంచి 30 కేలరీలు, అంటే అదే మనిషికి 1250 నుంచి 1500.

వంటింట్లో దీన్ని ఇలా గుర్తుపెట్టుకోండి. ఒక గుడ్డులో 6 గ్రాములు. గ్లాసు పాలలో 6 నుంచి 7. చిన్న గిన్నెడు పెరుగులో 5. గుప్పెడు పప్పులో, అంటే వండకముందు 30 గ్రాముల్లో, 6 నుంచి 7. వంద గ్రాముల చేపలో 18 నుంచి 20. చికెన్‌లోనూ ఇంచుమించు అంతే, ఇంకాస్త ఎక్కువ. అర లీటరు పాలు విరగ్గొట్టి చేసిన పన్నీరులో సుమారు 12. గంజి గ్లాసులో లెక్కకు వచ్చేంత ఏమీ లేదు.

దీంతో ఒక రోజు ఎలా గడుస్తుందో చూడండి. పొద్దున్న లేవగానే గ్లాసు పాలలో రెండు పెద్ద చెంచాల పాలపొడి కలిపి ఇస్తే 11 గ్రాములు. పాలపొడి కలపడమన్నది చాలా చవకైన ఉపాయం, గ్లాసు పెరగకుండానే సత్తువ పెరుగుతుంది. ఎనిమిదిన్నరకి రెండు ఇడ్లీలు, ఒక ఉడికించిన గుడ్డు: 10. పదకొండుకి గిన్నెడు పెరుగులో మెదిపిన చక్కెరకేళి అరటిపండు: 5. మధ్యాహ్నం మెత్తని అన్నం, చిక్కని పప్పు, 75 గ్రాముల చేప ముక్క: 24. నాలుగింటికి పాలతో కాచిన చోడి (రాగి) జావ: 7. రాత్రి ఏడున్నరకి పెరుగన్నం, ఇంకో గుడ్డు: 14 దాకా. మొత్తం 70కి కాస్త అటూ ఇటూ. ఇందులో ఖరీదైన వస్తువు ఒక్కటీ లేదు.

మనకి తీరం ఉంది, అదొక వరం. భావనపాడు, కళింగపట్నం, బారువ, భోగాపురం వైపు పొద్దున్నే తాజా చేప దొరుకుతుంది. చందువ, వంజరం, సొర లాంటివి ముల్లు సులభంగా వేరయ్యే చేపలు, జబ్బుమనిషికి బాగుంటాయి. మంచినీటి చేపల్లో కొర్రమీను. ఉప్పు, పసుపు, కొంచెం జీలకర్ర వేసి పలచని పులుసులా కాయండి. వేపుడు వద్దు, కారం తగ్గించండి. ముళ్ళు మీ చేత్తో తడిమి తీశాకే పెట్టండి. ఎండు మెత్తళ్ళు ఈ రోజుల్లో పక్కన పెట్టండి, ఉప్పు విపరీతం, పైగా ముల్లుతోనే తింటాం.

శాకాహారులైతే పాలు, పెరుగు, పన్నీరు, పెసరపప్పు, కందిపప్పు, మెత్తగా జల్లించిన పుట్నాలపప్పు పొడి. పలాస జీడిపప్పును నానబెట్టి వెన్నలా రుబ్బి పాలలో కలిపితే ఆకలి లేనివాళ్ళకి కొద్దిలోనే చాలా శక్తి అందుతుంది. 30 గ్రాముల జీడిపప్పులో 5 గ్రాముల మాంసకృత్తులు, సుమారు 165 కేలరీలు ఉంటాయి. ముక్కలైన పప్పు చవకగా వస్తుంది, రుబ్బడానికి అది చాలు. పలుకులుగా మాత్రం ఇప్పుడు పెట్టకండి.

కొందరికి ఆపరేషన్ తర్వాత పాలు పడవు. తాగిన గంటలోపే పొట్ట ఉబ్బి నీళ్ళ విరేచనం అయితే కొన్ని వారాలు పాలు ఆపి పెరుగు మీద ఉంచండి.

చోడి జావ మీద మన ప్రాంతంలో ఉన్న నమ్మకం సరైనదే, కాల్షియం బాగా ఉంటుంది. కాకపోతే మొదటి వారాల్లో పిండిని కలిపి గుడ్డలో వడకట్టి, ఆ వడకట్టినదాన్నే కాయండి. నీళ్ళతో కాకుండా పాలతోనో, చల్లారాక పెరుగుతోనో ఇస్తేనే దానికి పూర్తి విలువ.

4. మొదటి నాలుగు నుంచి ఆరు వారాలు పీచు తగ్గించండి

పీచు మంచిదని అందరూ అంటారు, నిజమే. కానీ అతికిన చోట పేగు ఇంకా వాచి, ఇరుకుగా ఉన్నప్పుడు పీచు, తొక్కలు, గింజలు ఇబ్బంది పెడతాయి. ఆనపకాయ, బీరకాయ, పొట్లకాయ, గుమ్మడి, బంగాళాదుంప, క్యారెట్: తొక్క తీసి, గింజలు తీసి, మెత్తగా ఉడికించి పెట్టండి. టమాటా తొక్కా గింజలూ తీసి చారులో వేయొచ్చు.

ఇప్పుడు అసలు వద్దన్నవి: మొక్కజొన్న పొత్తులు, తేగలు, పనసపొట్టు, పచ్చి కొబ్బరి, ములక్కాడ పీచు, పుట్టగొడుగులు, గోంగూర, తోటకూర కాడలు, వేరుశనగ పలుకులు, నువ్వుల ఉండలు, జామకాయ, బత్తాయి తొనల మీది తెల్లటి పొర. విజయనగరం వైపు సీజన్లో ప్రతి మలుపులోనూ పొత్తులు కాలుస్తారు, అడగకుండానే ఎవరో ఒకరు తెచ్చి చేతిలో పెడతారు. సున్నితంగా వెనక్కి తీసుకోండి.

5. పొట్ట మీద సంచి ఉంటే

కొలాస్టమీ అయితే పెద్ద కష్టం లేదు. ఆరు వారాలు గడిచాక దాదాపు ఇంట్లో అందరూ తినేదే తినొచ్చు. మలబద్ధకం రాకుండా నీళ్ళు, కొంచెం కొంచెంగా పీచు. గ్యాస్ ఎక్కువైతే క్యాబేజీ, ఉల్లి, శనగపప్పు తగ్గించి చూడండి. సంచి వాసన వస్తుందన్న సిగ్గుతో తిండే మానేసేవాళ్ళు ఉన్నారు, ముఖ్యంగా ఆడవాళ్ళు. ఏమీ తినకపోయినా పేగులో గ్యాస్ తయారవుతూనే ఉంటుందని, ఖాళీ కడుపుతో అది ఇంకా ఎక్కువవుతుందని వాళ్ళకి నెమ్మదిగా చెప్పండి.

ఇలియాస్టమీ అయితే జాగ్రత్త పూర్తిగా వేరు. నీటినీ ఉప్పునీ వెనక్కి పీల్చుకునే పెద్దపేగును తిండి దాటి రావట్లేదు కాబట్టి ఆ రెండూ సంచిలోకి పోతుంటాయి. మన ఎండాకాలంలో ఇది ప్రాణం మీదకి తెస్తుంది. కొలత గీతలున్న లీటరు మగ్గు ఒకటి దీనికోసమే పెట్టుకుని, సంచి ఖాళీ చేసినప్పుడల్లా కొలిచి రాయండి. రోజుకి లీటరు లోపు ఉంటే మామూలే. లీటరున్నర దాటితే డాక్టరుకి ఫోన్ చేయాలి.

ఇక్కడే చాలామంది పొరపడతారు. సంచి ఎక్కువ నిండుతోంది, ఒంట్లో నీరు పోతోంది అని బిందెడు మంచినీళ్ళు తాగిస్తారు. ఉత్త నీళ్ళు ఎక్కువ తాగితే సంచి ఇంకా ఎక్కువ నిండుతుంది, ఒంట్లో ఉప్పు ఇంకా పడిపోతుంది. ఇవ్వాల్సింది ఓఆర్ఎస్. 20.5 గ్రాముల ప్యాకెట్టు మొత్తం ఒక లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో కలపాలి. ప్యాకెట్టు దొరకని రాత్రి అయితే లీటరు నీళ్ళలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. చిన్న చెంచా, అంచుకి సమానంగా, కుప్ప పోయకుండా. రోజంతా గుక్కగుక్కగా తాగించండి. అన్నంలో ఉప్పు మామూలు కంటే కాస్త ఎక్కువే వేయొచ్చు. బీపీ ఉన్నవాళ్ళకి, మూత్రం ఎక్కువ పోయే మాత్రలు వాడేవాళ్ళకి ఈ ఉప్పు సంగతి, ఆ మాత్రల సంగతి డాక్టరునే అడగాలి.

కొబ్బరినీళ్ళు ఓఆర్ఎస్‌కి బదులు కావు. వాటిలో పొటాషియం ఎక్కువ, కావలసిన సోడియం తక్కువ. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళకయితే ప్రమాదం కూడా.

సంచిలోకి వచ్చేది చిక్కబడాలంటే మెత్తని అన్నం, సగ్గుబియ్యం జావ, పండిన అరటిపండు, మెదిపిన బంగాళాదుంప, పెరుగు. రాత్రి భోజనం పెందలాడే పెడితే నిద్రలో సంచి నిండిపోయే బాధ తగ్గుతుంది. పైన వద్దన్న పీచు తిండి వీళ్ళకి ఆరు వారాల తర్వాత కూడా అనుమానమే. కొబ్బరి, మొక్కజొన్న, పుట్టగొడుగులు, తేగలు ఉండలా చేరి సంచి దారిని మూసేయగలవు.

6. వెంటనే ఆసుపత్రికి వెళ్ళాల్సినప్పుడు

వాంతులవుతూ గ్యాస్ గానీ విరేచనం గానీ పోకుండా పొట్ట ఉబ్బితే, సంచిలోకి గంటల తరబడి ఏమీ రాకుండా పొట్టలో మెలిపెడితే, జ్వరం 100.4 డిగ్రీలు దాటితే, మూత్రం బాగా తగ్గి ముదురు రంగులోకి మారితే, లేచి నిలబడగానే కళ్ళు తిరిగితే, కుట్ల నుంచి చీము వస్తుంటే ఇంట్లో వాము నీళ్ళు తాగించి చూడొద్దు. 108కి ఫోన్ చేయండి. విరేచనాలు ఆపే మాత్రలు మందుల షాపులో అడిగి మీ అంతట మీరు వేయకండి.

7. నోటికి రుచి లేదంటే

బలవంతం చేస్తే వికారం ఎక్కువవుతుంది. ఆకలి కాస్త బాగుండే పూట ఏదో గమనించండి, చాలామందికి అది ఉదయం. సత్తువైన తిండి ఆ పూటే పెట్టండి. నిమ్మరసం పిండిన పెసరకట్టు, అల్లం వేసిన మజ్జిగ నోటిని లేపుతాయి. వంట వాసన పడకపోతే చేప పొయ్యి మీద ఉన్నంతసేపు మనిషిని వీధి అరుగు మీద కూర్చోబెట్టండి. భోజనానికి ముందు నాలుగు అడుగులు నడిపించండి. నడకకి పేగూ కదులుతుంది, తిన్న మాంసకృత్తులు కండగానూ మారతాయి. మంచం మీదే ఉంచి ఎంత పెట్టినా కండ పట్టదు.

క్యాన్సర్ వల్ల నెత్తురు పోయి చాలామందికి రక్తం తక్కువగా ఉంటుంది. ఐరన్ మాత్ర ఇస్తే దాంతోపాటు, భోజనంతోపాటు టీ ఇవ్వకండి, ఐరన్ ఒంటబట్టదు. గంట తేడా ఉంచండి. మాత్ర వల్ల విరేచనం నల్లగా వస్తుందని ముందే చెబితే హడలిపోరు.

చుట్ట మానాలి. మన తీరప్రాంత ఊళ్ళలో పెద్దవయసు ఆడవాళ్ళు అడ్డపొగ (నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని చుట్ట) తాగుతారు, "ఈ వయసులో ఎందుకులే" అని ఇంట్లోవాళ్ళు ఊరుకుంటారు. పొగ గాయాన్ని మాననివ్వదు. ఆసుపత్రిలో ఎలాగూ కొన్నాళ్ళు మానేసి ఉంటారు, ఇంటికి వచ్చాక మళ్ళీ అంటించకుండా చూడండి.

8. కీమో మొదలైతే

అవసరమైనవాళ్ళకి ఆపరేషన్ తర్వాత సాధారణంగా నాలుగు నుంచి ఎనిమిది వారాల్లో కీమో మొదలుపెడతారు. ఒంట్లో బలం లేకపోతే అది వాయిదా పడుతుంది. ఇప్పటిదాకా మీరు పడిన కష్టం అక్కరకొచ్చేది ఇక్కడే.

ఆక్సాలిప్లాటిన్ అనే కీమో మందు ఎక్కించుకున్నాక కొన్ని రోజులు చల్లటిది ఏదీ తగలకూడదు. గొంతు పట్టేసినట్టు, వేళ్ళు కరెంటు తగిలినట్టు అవుతాయి. ఫ్రిజ్ నీళ్ళే కాదు, కుండనీళ్ళు కూడా వద్దు, గోరువెచ్చనివే ఇవ్వండి. కేపసిటబిన్ అనే కీమో మాత్రలు అన్నం తిన్నాక అరగంటలోపు వేసుకోవాలి, ఖాళీ కడుపున కాదు. ఈ మాత్రలు వాడుతున్నప్పుడు ఎవరో ఇచ్చిన బలం బిళ్ళలు వేయకండి. వాటిలో ఫోలిక్ యాసిడ్ ఉంటే మందు దుష్ఫలితాలు పెరుగుతాయి. పసరు మందులూ అంతే, డాక్టరుకి చెప్పకుండా వద్దు.

తరవాణి, చద్దన్నం మనకి ప్రాణం. కానీ తెల్లకణాలు తగ్గే ఈ నెలల్లో బయట ఉంచిన అన్నం వద్దు. వండిన రెండు గంటల్లో తినాలి, గుడ్డు పచ్చసొన గట్టిపడేదాకా ఉడకాలి, నీళ్ళు కాచి చల్లార్చాలి.

9. మళ్ళీ మామూలు తిండికి

ఆరు వారాలయ్యాక, డాక్టరు సరేనన్నాక ఒక్కో వస్తువునీ విడివిడిగా మొదలుపెట్టండి. ఒకటి కొంచెం పెట్టి రెండు మూడు రోజులు చూసి, పడితే ఇంకోటి. ముందు మెత్తని ఆకుకూర పప్పు, తర్వాత తొక్కతో కూరగాయలు, తర్వాత వడకట్టని చోడి అంబలి. పడనిదాన్ని శాశ్వతంగా కొట్టేయకుండా నెల ఆగి మళ్ళీ ప్రయత్నించండి. పేగు పూర్తిగా నిలదొక్కుకున్నాక పీచే మంచిది, అప్పుడు అన్నం మీదే కూర్చోవద్దు. వేట మాంసం (మేక, గొర్రె) వారానికి వండినది అర కిలో దాటకుండా, సారా, కల్లు లేకుండా.

ప్రతి వారం ఒకే రోజు, పొద్దున్నే, ఒకే తూకంలో బరువు చూసి క్యాలెండర్ మీద రాయండి. నెలలో 50 కిలోల మనిషి రెండున్నర కిలోలు తగ్గితే తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకండి. చెకప్‌కి వెళ్ళేటప్పుడు ఆ బరువుల క్యాలెండర్, సంచి కొలతల కాగితం, మూడు రోజులు ఏం తిన్నారో రాసిన పుస్తకం తీసుకెళ్ళండి. హిమోగ్లోబిన్, క్రియాటినిన్, చిన్నపేగు చివర తీసినవాళ్ళకి బి12 చూడమని మీరే గుర్తు చేయండి. ఆసుపత్రిలో డైటీషియన్ ఉంటే చూపించమని అడగండి.